చంక కాడ బిగిస్తే చెయ్యి లేవదు

తాతయ్యగుంట గంగమ్మ గుడికి నాలుగు వీధుల అవతల మా ఇల్లు. ముందు రెండు పోర్షన్లూ బాడిగకు ఇచ్చి మేం వెనకవైపు ఉండేవాళ్ళం. తిరుపతిలో ఎండాకాలం ఎట్లుంటుందో ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పగలంతా కొండ తాగిన ఎండను రాత్రి పది దాకా ఊరి మీదికి వదులుతూనే ఉంటుంది. అన్నం తినేసి చాపలు చంకన పెట్టుకొని మిద్దె ఎక్కితే, దూరంగా గాలిగోపురం దీపాలు కనబడేవి. మా సినిమా వాదాలన్నీ ఆ దీపాల ఎదురుగానే జరిగాయి.

మేం నలుగురం. నేను, మద్రాసులో ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకు వచ్చే మా చిన్నాన్న కొడుకు, ముందు పోర్షన్‌లో మిషన్ పెట్టుకొని జాకెట్లు కుట్టే అక్క, పక్కింటి ఆపరేటర్ మామ. అక్కకు పేరుంది, మామకూ పేరుంది, కానీ వీధిలో అందరూ ఒకరిని టైలరక్క అనీ, ఒకరిని ఆపరేటర్ మామ అనీ పిలిచేవాళ్ళు. మామ ఊళ్ళో ఒక సినిమా హాల్లో ముప్పయ్యేళ్ళకు పైగా ప్రొజెక్టర్ నడిపి రిటైరైన మనిషి. కార్బన్ కడ్డీలు వెలిగించి బొమ్మ వేసిన కాలం నుంచి రీళ్ళే లేని కాలం దాకా చూశాడు.

నాకు బాగా గుర్తుండిపోయింది 2017 వేసవి. ఏప్రిల్ 28న 'బాహుబలి' రెండో భాగం వచ్చింది. మే నెలలో, ఆడవాళ్ళను చెరబట్టిన పాలెగాడి తల నరికిన మా ఊరి అమ్మవారు గంగమ్మ జాతర. జూన్ మొదట్లో 'వండర్ ఉమన్'. ఈ మూడూ ఒకదాని వెనక ఒకటి రావడంతో, ఆ రెండు నెలలూ మా మిద్దె మీద వేరే మాట లేదు. పరాక్రమం చూపే ఆడమనిషి వేషానికి ఎవరు సరిపోతారు, ఎందుకు సరిపోతారు, అసలు ఆ కథ ఏం చెబుతోంది, ఇదే గొడవ.

మొదటి పేచీ దేవసేన వేళ్ళ దగ్గర మొదలైంది. గుడి వరుసలో ఆడవాళ్ళను చేత్తో తడుముతూ పోయే సేనాపతి వేళ్ళు దేవసేన నరికేస్తుంది. ఆ నేరానికి ఆమెను సంకెళ్ళతో సభకు తెస్తారు. బాహుబలి వచ్చి, నరకాల్సింది వేళ్ళు కాదు తల అని, వాడి తల నరుకుతాడు. హాలు హాలంతా లేచి నిలబడింది ఆ చోట. మా తమ్ముడు నాలుగుసార్లు చూసి వచ్చి నాలుగుసార్లూ మాకు చేసి చూపించాడు.

టైలరక్క ఒప్పుకోలేదు. "వాడు చెయ్యేసింది ఎవురి మీద? ఆమె మీద. కత్తి ఎవురి చేతిలో ఉండింది? ఆమె చేతిలో. మళ్ళ తలకాయ మాత్రం ఆయప్ప వచ్చి ఎందుకు నరకాల? గంగమ్మ పాలెగాడి తల నరికేదానికి ఎవుర్నన్నా పిలిచిందా?"

తమ్ముడు తడుముకున్నాడు. అది ప్రేమ గురించిన సీన్ అన్నాడు, మొగుడు భార్య పక్కన నిలబడటం గురించి అన్నాడు. వాడి మాటలోనూ నిజం ఉంది. సభలో అందరూ ఆమె తప్పు చేసిందంటున్నప్పుడు, ఆమె తప్పు చాలినంత చెయ్యకపోవడమే అన్నవాడు ఒక్కడే. నేనూ ఆ సీన్‌ను ఇష్టపడ్డాను, ఇప్పటికీ ఇష్టమే. కానీ అక్క ఆ మాట అన్నాక, ఆ సీన్ చూసినప్పుడల్లా నా కన్ను బాహుబలి మీద కాక పక్కన నిలబడ్డ అనుష్క చేతుల మీదికి పోతుంది.

వేషధారుల సంగతికొస్తే ఆపరేటర్ మామది ఒకటే లెక్క. "నేను తెర చూసింది తక్కువమ్మా. కన్నంలోంచి నాకు కనబడేది జనం తలకాయలు. ఆ తలకాయలు కదలకుండా ఉండాయంటే ఆ మనిషి ఆ వేషానికి సరిపోయినట్టు." ఆయన 1990 గురించి చెబితే వినాలి. ఆ ఒక్క ఏడాదే 'జగదేకవీరుడు అతిలోకసుందరి' వచ్చింది, 'కర్తవ్యం' వచ్చింది. ఒకామె స్వర్గం నుంచి దిగిన దేవకన్య, ఒక ఉంగరం పోగొట్టుకుంది. ఉంగరం లేనిదే మళ్ళీ స్వర్గానికి పోలేదు. ఇంకొకామెకు ఉంగరమూ లేదు, మంత్రమూ లేదు, ఒంటి మీద ఖాకీ బట్టలు. శ్రీదేవి ఉంగరం కోసం వెతుక్కుంటుంటే హాలంతా నవ్వుతూ ఉండేదట. విజయశాంతి లాఠీ పట్టుకుంటే హాలంతా ముందుకు వంగేదట. "ఇద్దరూ ఇద్దరే. కానీ తలకాయలు ముందుకొంగింది మాత్రం రెండోదానికే" అనేవాడు. విజయశాంతికి ఆ సినిమాకు జాతీయ అవార్డు వచ్చిందని చెప్పేటప్పుడు తన ఇంటి పిల్లకు ర్యాంకు వచ్చినట్టుండేది ఆయన మొహం.

అయినా శ్రీదేవిని ఎవరన్నా ఒక్క మాట అంటే ఊరుకునేవాడు కాదు. ఆమె తల్లిది తిరుపతి. "మన ఊరి ఆడబిడ్డ కూతురు" అనేవాడు. శివగామి వేషానికి మొదట అడిగింది శ్రీదేవినే అన్న సంగతి అప్పటికి లోకమంతా తెలుసు. ఆమె చేసుంటే ఎట్లుండేది అన్నదాని మీద మేం మూడు రాత్రులు మాట్లాడుకున్నాం. తమ్ముడిది రమ్యకృష్ణ పక్షం, వేరే మాట లేదు. నాకేమో శ్రీదేవి కళ్ళతో ఆ పాత్రను ఊహించుకోవాలని ఉండేది. కోపం కంటే ముందు బాధ కనిపించే శివగామి అయ్యేదేమో. మామ మాత్రం తన ప్రేమను పక్కనబెట్టి తీర్పు చెప్పాడు. 1995లో 'అమ్మోరు' ఆడినప్పుడు రమ్యకృష్ణ తెర మీదికి రాగానే ముందు వరుసల్లో ఆడవాళ్ళకు పూనకాలొచ్చాయనీ, టెంకాయలు కొట్టారనీ, కర్పూరం వెలిగిస్తుంటే ఎక్కడ అంటుకుంటుందోనని గేటు దగ్గరి మనిషి బకెట్టుతో నీళ్ళు పెట్టుకొని నిలబడ్డాడనీ చెప్పాడు. "ఒకసారి అమ్మోరు అయినామె రాణి కావడం ఎంత పని? శ్రీదేవి ఐతే జనం ఆమెను ముద్దు జేస్తారు. ఈమెకు దండం బెడతారు. ఆ వేషానికి దండమే కావాల."

మూడు రాత్రుల వాదం ఆ మాటతో తెగిపోయింది.

అనుష్క సంగతి మాత్రం తెగలేదు. 2009 సంక్రాంతికి 'అరుంధతి' వచ్చినప్పుడు నేను పద్మావతి మహిళా యూనివర్సిటీలో చదువుతున్నాను. అంతకు ముందు ఆమెను పాటల్లో చూసినవాళ్ళమే అందరం. ఈ పిల్లకు అంత బరువైన వేషం ఎందుకిచ్చారని హాస్టల్లో సగంమంది అన్నారు. చూసి వచ్చాక ఆ సగంమందే రాత్రంతా నిద్రపోకుండా జేజమ్మ నడక నడిచారు. మా ఇండ్లల్లో నాన్నమ్మను జేజి అంటాం కాబట్టి, ఆ పేరు మాకు సినిమా పేరుగా వినబడలేదు. మా జేజికి ఎవరో కత్తి ఇచ్చినట్టనిపించింది. దాన్ని తీసిన బంగళా మన సీమలోనే, బనగానపల్లె దగ్గర ఉందని తెలిసి ఒక బ్యాచ్ బస్సు మాట్లాడుకొని చూసి కూడా వచ్చింది.

ఎనిమిదేళ్ళ తర్వాత మిద్దె మీద ఆ సినిమా మళ్ళీ లేచింది. పశుపతిని చంపే ఆయుధం జేజమ్మ ఎముకలతోనే తయారు కావాలి, అందుకు ఆమె ప్రాణం వదలాలి. టైలరక్కకు అది నచ్చదు. "మొగోళ్ళ కథలో కత్తి కమ్మరోడు చేసిస్తాడు. ఆడదాని కథలో మాత్రం కత్తి కావాలంటే ముందు ఆడది చావాల్నా?" అంటుంది. నాకు దధీచి గుర్తుకొచ్చాడు. ఇంద్రుడి వజ్రాయుధం ఆయన ఎముకలతో చేసిందే కదా, ఆయన మగవాడే కదా అన్నాను. తమ్ముడు నాకు వత్తాసు పలికాడు.

కానీ ఆ రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే తేడా కనబడింది. దధీచి ఎముకలిచ్చింది వేరేవాళ్ళ చేతికి. జేజమ్మ ఇచ్చింది మళ్ళీ పుట్టబోయే తన చేతికే. ఇచ్చినదీ, పట్టినదీ, పొడిచినదీ ఒకే మనిషి. ఆ సినిమాలో గ్రాఫిక్స్ కంటే, భయం కంటే నాకు గొప్పగా తోచింది ఇదే. పొద్దున్నే మిషన్ దగ్గరికి పోయి అక్కకు చెప్పాను. పాదం ఆపి కాసేపు ఆలోచించి, "అట్లయితే సరే. వేరేవోళ్ళకు దానం జేసింది కాదు, తనకు తాను దాచి పెట్టుకున్నింది" అంది. మళ్ళీ మిషన్ తొక్కింది.

ఇక గాల్ గాడోట్. 2013 చివర్లో ఆమెను వండర్ ఉమన్‌గా తీసుకున్నప్పుడు, మరీ సన్నం, కండ లేదు, ఒడ్డూపొడుగూ చాలవు అని లోకమంతా అన్నారు. మా తమ్ముడూ అదే పాట. వాడికి 1970లలో టీవీలో లిండా కార్టర్ చేసిన వండర్ ఉమన్ ఫొటోలు కూడా కంఠతా వచ్చు. 1941లో పుట్టిన పాత్ర, అమెజాన్ యోధురాలు, ఆమె భుజాలు ఎట్లుండాలో తెలుసా అని ఫోన్‌లో బొమ్మలు చూపించేవాడు. ఆమె సొంత దేశంలో రెండేళ్ళు సైన్యంలో పనిచేసింది కదరా అంటే, "సైన్యం వేరు, స్క్రీన్ వేరు అక్కా" అనేవాడు.

టైలరక్క ఆ ఫోన్ తీసుకొని ఆ కవచం బొమ్మను రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసింది. మొహం చూడలేదు, భుజం దగ్గర చూసింది. "మనిషి సన్నమా లావా అని కాదు నాయనా చూడాల్సింది. ఈ గుడ్డలో చెయ్యి పైకి లేస్తాదా? చంక కాడ బిగిస్తే చెయ్యి లేవదు. చెయ్యి లేవకుంటే కత్తి యాడ లేస్తాది? మన హీరోయిన్లకు కుట్టే జాకెట్లు చూడు, ఫొటోకు నిలబడేదానికి కుట్టినవి. కొట్లాడేదానికి కాదు."

ముప్పయ్యేళ్ళు ఒకే పని చేసిన మనిషికి లోకం ఆ పనిలోంచి ఎంత స్పష్టంగా కనబడుతుందో నాకు ఆ రోజు తెలిసింది. అప్పటి నుంచి ఏ సినిమాలో ఆడమనిషి యుద్ధానికి దిగినా నేను ముందు చంక దగ్గర చూస్తాను.

అంతలో జాతర చాటింపు పడింది. చాటింపు పడిందంటే ఊరివాళ్ళం పొలిమేర దాటం. గంగమ్మ కథ మాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, వేషాల్లోనే తెలుస్తుంది. అవిలాలలో కైకాల వాళ్ళింట్లో పెరిగిన పిల్ల. కంటబడ్డ ఆడదాన్నల్లా చెరబట్టే పాలెగాడు ఆమె మీద కన్నేశాడు. ఆమె అసలు రూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి వెతకడానికి ఆమె రోజుకో వేషం వేసింది. బైరాగి వేషానికి ఒళ్ళంతా నామంసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి. దొర వేషం రోజున, వచ్చింది ఎవరో దొర అనుకొని పాలెగాడు బయటికొచ్చాడు. తల తెగింది. ఆ మరుసటి రోజు మాతంగి వేషం. ఆ రోజు ఆమె పోయేది పాలెగాడి పెళ్ళాం దగ్గరికి, ఓదార్చడానికి.

ఈ వేషాలన్నీ వేసేది మగవాళ్ళు. కైకాల వంశంవాళ్ళు అసలు వేషం కడతారు, మొక్కు ఉన్న మగవాళ్ళంతా చీర కట్టి, సవరం పెట్టి, పూలు ముడిచి అమ్మ దగ్గరికి పోతారు. టైలరక్కకు ఆ వారం నిద్ర ఉండదు. నలభై నాలుగు ఛాతీకి, అంతంత భుజాలకు జాకెట్లు కుట్టాలి. కొలతకు నిలబడ్డ మీసాల మనుషులు చిన్నపిల్లల్లా సిగ్గుపడతారు. ఆ జాకెట్లకు అక్క కూలి అడిగేది కాదు, ఇచ్చినంత తీసుకునేది. వాటి చంకలు మాత్రం వదులుగా పెట్టేది.

మా తమ్ముడికి ఐదేళ్ళప్పుడు అమ్మవారు పోసింది. బతికితే పెద్దయ్యాక మాతంగి వేషం కట్టిస్తానని మా పిన్ని మొక్కుకుంది. వాడు ఏటా ఏదో పరీక్ష పేరు చెప్పి మద్రాసులోనే ఉండిపోయేవాడు. ఆ ఏడాది తప్పించుకోలేకపోయాడు. పిన్ని పెళ్ళినాటి ఆకుపచ్చ పట్టుచీర, అక్క కుట్టిన ఎర్ర జాకెట్టు. మీసం తీస్తానంటే అక్క వద్దంది. "అమ్మకు నీ మీసం అడ్డం రాదులే" అంది.

మొదట కుచ్చిళ్ళు రెండు చేతులా ఎత్తి పట్టుకొని నడిచాడు. వీధి మలుపు దాటేసరికి చేతులు వదిలేశాడు. నేను పక్కనే నడుస్తున్నాను. ఒక ఇంటి ముందు ముసలామె చెంబుతో నీళ్ళు తెచ్చి వాడి కాళ్ళ మీద పోసి, పసుపు రాసి, వంగి దండం పెట్టింది. వయసులో మా జేజి అంత ఉంటుంది. తల్లీ, నా కూతురి కాపురం చూడు తల్లీ అని ఏడ్చింది. మా వాడు వణికిపోయాడు. నా వైపు చూశాడు, నేనేం చెప్పగలను? కాసేపటికి వాడే చెయ్యెత్తి ఆమె నెత్తి మీద పెట్టాడు. ఆమె కళ్ళు తుడుచుకొని లోపలికి పోయింది. ఆ రాత్రి మిద్దె మీదికి వచ్చాడు కానీ మాట్లాడలేదు. కంటి కాటుక సగం పోయి సగం ఉంది.

ఆ తర్వాత వాడి నోట 'సూట్ కాలేదు' అన్న మాట నేను వినలేదు.

'వండర్ ఉమన్' మేం నలుగురం కలిసి చూసింది దసరా సెలవుల్లో. తమ్ముడు స్నేహితుడి దగ్గర చిన్న ప్రొజెక్టర్ తెచ్చాడు. మామ తెల్లపంచె తెర అయింది. దాన్ని నాలుగు మూలలా లాగి కట్టించి, ప్రొజెక్టర్ కింద రెండు ఇటుకలు పెట్టి, బొమ్మ నిటారుగా నిలిచేదాకా మామ ఎవర్నీ ముట్టుకోనియ్యలేదు. రీలు లేదు, కార్బన్ లేదు, అయినా ఆయన వేళ్ళు బొమ్మ పడగానే పక్కకు ఏదో తిప్పబోయి ఆగాయి.

సినిమా ఇంగ్లీషులో ఉంది. తమ్ముడు పక్కనుంచి అర్థం చెబుతున్నాడు. కందకంలో దాక్కున్న సైనికుల మధ్య నుంచి డయానా, అంటే వండర్ ఉమనే, నిచ్చెన ఎక్కి పైకి వస్తుంది చూడండి, అటువైపు నుంచి తూటాలు, ఆమె ఒక్కతే డాలు పట్టుకొని నడుస్తుంది. "లేచింది మే!" అని అరిచింది టైలరక్క. "చెయ్యి లేచింది, చూడు!" ఈ సినిమాలో కొన్ని సీన్లు మళ్ళీ తీసేటప్పుడు ఆమె ఐదు నెలల గర్భిణి అనీ, కడుపు దగ్గర పచ్చగుడ్డ పెట్టి తర్వాత కంప్యూటర్‌లో సరిచేశారనీ తమ్ముడు చెప్పాడు. అక్క చాలాసేపు తెర వైపు కాకుండా వాడి వైపే చూస్తూ ఉండిపోయింది.

డయానా తాను యుద్ధదేవుడనుకున్న జర్మన్ సేనానిని చంపేస్తుంది. యుద్ధం ఆగాలి కదా, ఆగదు. సైనికులు తమ పాటికి తాము విషవాయువు డబ్బాలు మోస్తూనే ఉంటారు. ఆమె అది చూసి నిలబడిపోతుంది. ఇంకా తర్వాత, ఆ విషాన్ని తయారు చేసిన ఆడ సైంటిస్టు ఆమె చేతికి చిక్కుతుంది. మొహం మీది ముసుగు ఊడిపోయి కాలిన చర్మం కనబడుతుంది. డయానా నెత్తికెత్తిన యుద్ధట్యాంకును ఆమె మీద వెయ్యకుండా పక్కకు విసిరేస్తుంది. అక్కడ మా తమ్ముడు అర్థం చెప్పడం ఆపేశాడు. ఏమైందిరా అన్నాను. "ఏం లేదక్కా. మొన్న నేను నడిచిన రోజు కదా ఇది" అన్నాడు.

దొర వేషం మరుసటి రోజు అన్నమాట. తల నరికేదాకా ఏ కథైనా వస్తుంది. ఆ తర్వాతి రోజు దాకా వచ్చిన కథలు నేను చూసినవాటిలో చాలా తక్కువ. మా ఊరి కథకు ఆ మరుసటి రోజు ఉంది. ఆ రోజు వేషమే ఎక్కువమంది మగవాళ్ళు కోరి కట్టుకుంటారు. పుట్టినప్పటి నుంచీ అది కళ్ళ ముందే జరుగుతున్నా, ఒక పరాయి దేశం సినిమా పంచె మీద పడ్డాక గానీ నాకు తట్టలేదు.

తర్వాత ఏడాది ఫిబ్రవరిలో శ్రీదేవి పోయింది. మామ రెండు రోజులు మిద్దె ఎక్కలేదు. మూడో రోజు వచ్చి, శివగామి వేషం ఆమె చేసుంటే బాగుండేదేమో అన్నాడు. తలకాయల లెక్క చెప్పలేదు. కరోనా రెండో ఏడు మామ కూడా పోయాడు. మేం బెంగళూరు వచ్చేశాం. అక్క ఇంకా అదే ముందు గదిలో, అదే మిషన్ మీద ఉంది.

2024 డిసెంబర్‌లో 'పుష్ప' రెండో భాగంలో అల్లు అర్జున్ చీర కట్టి జాతరలో ఆడుతుంటే, తమ్ముడు అమెరికా నుంచి అర్ధరాత్రి ఫోన్ చేశాడు. అవతల థియేటర్ బయటి చప్పుడు. ఏమీ చెప్పలేదు, "అమ్మ చీర ఇంకా ఉందా అక్కా?" అని అడిగాడు. ఉంది. నా బీరువాలోనే ఉంది.

మొన్న 'కొత్త లోక' చూశాను. మలయాళం సినిమా, కల్యాణి ప్రియదర్శన్ చేసింది. కేరళ కథల్లో మనుషుల రక్తం తాగే యక్షిగా చెప్పుకునే నీలిని తీసుకొని, ఆమెనే జనాన్ని కాచే మనిషిగా తిప్పి చెప్పారు. కల్యాణిని మన తెలుగు సినిమాల్లో మొదటిసారి చూసినప్పుడు ఈమె ఇట్లాంటి వేషం కడుతుందని నేనైతే అనుకోలేదు. హాలు బయటికి రాగానే అక్కకు ఫోన్ చేశాను. యక్షి కథ, కల్యాణి నటన, అంతా గబగబా చెప్పుకుపోతున్నాను. అవతల మిషన్ చప్పుడు ఆగింది.

"అదంతా సరే మే. చెయ్యి లేచిందా?"

"లేచిందక్కా. రెండూ లేచినాయి."

"అట్లయితే ఆదివారం పోయి చూస్తా" అంది. మళ్ళీ మిషన్ చప్పుడు మొదలైంది.